వంటింటి వంతు: లెంటు డైరీ పుటలు

మార్చి 5, 2025, బుధవారం, గుంటూరు

లెంటు మొదలైంది. ఈస్టరుకి ముందొచ్చే ఈ నలభై రోజులకీ చదువుకోవడానికి ఆరో శతాబ్దపు బెనెడిక్టు రాసిన మఠ నియమావళిని తీసుకున్నాను. ఇంగ్లీషు ప్రతిని జిరాక్స్ తీయించి స్పైరల్ బైండింగ్ చేయించాను. లెంటులో పుస్తకం చదవమని చెప్పినవాడు కూడా ఆయనే. నలభై ఎనిమిదో అధ్యాయంలో ఉంది: లెంటు రాగానే మఠంలో ప్రతి ఒక్కరికీ ఒక పుస్తకం ఇవ్వాలి, దాన్ని మొదటి నుంచి చివరి దాకా వదలకుండా చదవాలి. చదివే వేళలో ఎవరైనా కబుర్లలో పడ్డారేమో చూడటానికి ఒకరిద్దరు పెద్దలు తిరుగుతూ ఉండాలి.

బెనెడిక్టు సుమారు 480లో ఇటలీలోని నూర్సియాలో పుట్టాడు. రోములో చదువు మధ్యలో మానేసి సుబియాకో కొండ గుహలో మూడేళ్ళు ఒంటరిగా ఉన్నాడు. ఆ దగ్గర్లో ఒక మఠం వాళ్ళు వచ్చి, మాకు పెద్దగా ఉండమని బతిమాలి తీసుకెళ్ళారు. ఆయన పెట్టిన క్రమం తట్టుకోలేక చివరికి ద్రాక్షారసంలో విషం కలిపారని గ్రెగరీ పోపు రాసిన చరిత్రలో ఉంది. ఆ తర్వాతే, 529 ప్రాంతంలో మోంటె కస్సినోలో మఠం పెట్టాడు. అక్కడ రాసిన నియమావళిలో 73 చిన్న చిన్న అధ్యాయాలు. భక్తిపరులతో కలిసి బతకడం ఎంత కష్టమో ఒంటికి తెలిసినవాడి పుస్తకం ఇది. అందుకే నమ్మకం కుదిరింది.

మా అయిదిళ్ళ వాళ్ళం శనివారం సాయంత్రాలు పాస్టరు గారింట్లో చేరి, ప్రార్థన చేసుకుని, కలిసి భోంచేస్తాం. కొన్నేళ్ళుగా నడుస్తోంది. ఈమధ్య పలచబడుతోంది. లెంటులో మాంసం మానేస్తాం, రోజూ కూడికలకి వెళ్తాం, పాటలకి గొంతు బొంగురుపోతుంది. ఈస్టరు వెళ్ళిన వారానికి ఎవరి దారి వాళ్ళది. సన్యాసి బతుకంతా లెంటులా ఉండాలి గానీ అంత శక్తి కొద్దిమందికే ఉంటుంది కాబట్టి కనీసం ఈ రోజులైనా జాగ్రత్తగా గడపమంటాడు బెనెడిక్టు. ఏడాది పొడవునా నడిచేది, మామూలు సంసారులు మోయగలిగేది ఏదైనా ఈ పుస్తకంలో దొరుకుతుందా అన్నది నా వెతుకులాట.

మార్చి 9, ఆదివారం

మొదటి అధ్యాయంలోనే నాలుగు రకాల సన్యాసులు కనబడ్డారు. ఒకే నియమానికి, ఒకే పెద్దకి లోబడి మఠంలో కలిసి ఉండేవాళ్ళు. అలా చాలాకాలం ఉండి గట్టిపడ్డాక ఏకాంతానికి వెళ్ళేవాళ్ళు. ఇద్దరు ముగ్గురు చేరి, ఏ కట్టుబాటూ లేకుండా తమకు నచ్చిందే పరిశుద్ధం అనుకునేవాళ్ళు. నాలుగోవాళ్ళు ఒక మఠంలో మూడు రోజులు, ఇంకో మఠంలో నాలుగు రోజులు అతిథులుగా గడుపుతూ జన్మంతా తిరిగేవాళ్ళు. అందరిలోకీ అధ్వానం వీళ్ళేనట.

మన ఊళ్ళో ఈ నాలుగోవాళ్ళు ఎంతమందో! బాప్తిస్మం ఒక సంఘంలో, ప్రభువు బల్ల ఇంకో చోట, ఉపవాస కూడిక మూడో చోట, రాత్రి పడుకునే ముందు యూట్యూబులో నాలుగో అయ్యగారి వాక్యం. ఎక్కడా ఎవరి జబ్బూ తెలియదు, ఎవరి అప్పూ తెలియదు. వాక్యం మాత్రం బోలెడు తెలుసు.

బెనెడిక్టు మఠంలో చేరేవాడు ఇచ్చే మాటల్లో మొదటిది ఇక్కడే ఉంటానన్నది. తర్వాత బతుకు మార్చుకుంటానని, లోబడతానని. ఉండటం ముందు రావడం నాకు చాలా సబబుగా తోచింది. విసుగు తెప్పించే మనిషి పక్కన పదేళ్ళు కూర్చుంటేగానీ క్షమించడం రాదు. అవమానం, దోపిడీ జరిగే సంఘాన్ని వదిలి వచ్చినవాళ్ళని మాత్రం నేను తిరుగుబోతుల లెక్కలో వెయ్యను. వాళ్ళు ప్రాణం దక్కించుకున్నారు.

మార్చి 15, శనివారం, రాత్రి

ఇవాళ్టిది వివరంగా రాసుకోవాలి.

శనివారం భోజనం ఎలా జరుగుతుందో అందరికీ తెలిసిందే. ఆడవాళ్ళం నాలుగింటికే చేరతాం. కూరగాయలు తరిగేది, పప్పు మెదిపేది, అన్నం వార్చేది మేమే. ఆరున్నరకి మగవాళ్ళు వస్తారు. ప్రార్థన, పాట, వాక్యం, భోజనం. తర్వాత వాళ్ళు ముందుగదిలో పౌలు పత్రికల గురించి మాట్లాడుకుంటారు. మేము పెరట్లో అంట్లు తోముతాం. స్టాఫ్ నర్సు చెల్లి నైట్ డ్యూటీకి వెళ్ళే ముందు కూడా తోమి వెళ్తుంది.

ఇవాళ భోజనాల దగ్గర నేను ముప్పై అయిదో అధ్యాయం చదివి, తెలుగులో చెప్పాను. వంటింటి పని వారం వారం వంతుల మీద చెయ్యాలి. జబ్బుపడ్డవాళ్ళకీ, మఠానికి మరీ ముఖ్యమైన పని చూస్తున్నవాళ్ళకీ తప్ప మినహాయింపు లేదు. బలం చాలనివాళ్ళకి సాయం ఇవ్వాలి. వడ్డించేవాళ్ళు ఆకలి మీద సణుక్కోకుండా భోజనానికి గంట ముందు వాళ్ళకి కాస్త రొట్టె, తాగడానికి కాస్త ఎక్కువగా పెట్టాలి. శనివారం వంతు దిగేవాడు తువ్వాళ్ళు ఉతకాలి. దిగేవాడూ ఎక్కేవాడూ కలిసి అందరి కాళ్ళు కడగాలి. గిన్నెలు శుభ్రంగా, చొట్టలు లేకుండా ఉగ్రాణం చూసేవాడికి అప్పజెప్పాలి, అతను వాటిని తర్వాతి వంతువాడికి ఇవ్వాలి.

రైల్వేలో రిటైరైన బాబాయి మజ్జిగన్నం కలుపుతూ ఆగారు.

“అంటే మగవాళ్ళు అంట్లు తోమాలనా, అమ్మాయ్?”

“మఠంలో ఉన్నది మగవాళ్ళే కదా బాబాయ్. మరెవరు తోమారనుకున్నారు?”

ఎవరూ మాట్లాడలేదు. టైలరు తమ్ముడు తన కంచం తీసుకుని లేచాడు. వాళ్ళావిడ చెయ్యి పట్టుకుని ఆపబోయింది, “వదినా, మీరైనా చెప్పండి” అంది నాకేసి చూసి. అతను అప్పటికే పెరట్లో కుళాయి తిప్పేశాడు. గోంగూర పప్పు వండిన గుండిగకి అడుగంటింది. దాన్ని నానబెట్టకుండా పీచుతో రుద్దుతున్నాడు. మిషను తొక్కే మనిషి, వేళ్ళు సన్నగా ఉంటాయి. నర్సు చెల్లి వెళ్ళి వేడినీళ్ళు పోసి, పది నిమిషాలు ఆగమంది. ఆ పది నిమిషాలూ అందరం పెరట్లోనే నిలబడ్డాం. పౌలు పత్రికల ముచ్చట కూడా ఇవాళ అక్కడే సాగింది.

అదే నియమావళిలో ముప్పై ఒకటో అధ్యాయం ఇంకో మాట చెప్తుంది. ఉగ్రాణం చూసేవాడు మఠంలోని పనిముట్లనీ పాత్రలనీ బలిపీఠం మీద పాత్రలంత పవిత్రంగా చూసుకోవాలి. ఎవరైనా అడిగింది ఇవ్వడానికి లేకపోతే, కనీసం ఒక మంచిమాట ఇచ్చి పంపాలి. ప్రభువు బల్ల గిన్నెని తెల్లగుడ్డతో తుడిచే చేతులు పప్పు గుండిగని కూడా అలాగే తుడవాలని దాదాపు పదిహేను వందల ఏళ్ళ కిందటే రాసిపెట్టాడు. మన సంఘాల్లో ఎన్ని ప్రసంగాలు విన్నా ఈ మాట వినబడలేదు.

మార్చి 18, మంగళవారం

ప్రొటెస్టెంటులకి మఠాల గొడవ ఎందుకని పాస్టరు గారు మెత్తగా అడిగారు. ఆయనకి బోన్‌హోఫర్ కథ చెప్పాను.

హిట్లరు కాలంలో, లొంగిపోని జర్మను సంఘాలు తమ పాస్టర్ల కోసం సొంతంగా బడులు నడిపాయి. అలాంటి ఒకదానికి 1935లో డీట్రిక్ బోన్‌హోఫర్ పెద్దయ్యాడు. ముందు బాల్టిక్ తీరంలోనూ, తర్వాత స్టెట్టిన్ దగ్గర ఫింకెన్‌వాల్డ్‌లోనూ నడిచింది. లూథరన్ల మధ్య నిశ్శబ్ద ధ్యానం, కీర్తనల పారాయణ, ఒకరికొకరు పాపాలు ఒప్పుకోవడం పెడితే అప్పట్లో చాలామంది పెదవి విరిచారు. 1937లో గెస్టపో దాన్ని మూయించింది. ఆ జీవితం గురించి ఆయన రాసిన చిన్న పుస్తకం 1939లో వచ్చింది.

ఒకరోజు వంటింట్లో సాయానికి రమ్మంటే ఎవరూ కదల్లేదట. బోన్‌హోఫర్ మారుమాట లేకుండా లేచి వంటింట్లోకి వెళ్ళి తలుపు గడియ వేసుకున్నాడు. వెనకాల పరిగెత్తుకొచ్చినవాళ్ళని లోపలికి రానివ్వలేదు. ఆయన పెట్టిన ఇంకో నియమం మరీ పదునైనది. ఎదుట లేని సహోదరుడి గురించి మాట్లాడకూడదు. పొరపాటున మాట్లాడితే, వెళ్ళి అతనికే చెప్పాలి.

మన దగ్గర దీనికి పెద్ద చిక్కుంది. చాడీకి ప్రార్థనాంశం అని పేరు పెట్టేశాం. ఫలానావారి కూతురి కోసం ప్రార్థించండి అని మొదలుపెట్టి ఆ ఇంటి పరువు వీధిలో పడేస్తాం. నేను అడిగేది ఒకటే: ఆ ఇంటివాళ్ళ అనుమతి లేకుండా వాళ్ళ పేరు ప్రార్థనలో ఎత్తకూడదు. దేవుడికి పేరు చెప్పక్కర్లేదు, ఆయనకి తెలుసు.

మార్చి 21, శుక్రవారం

బెనెడిక్టు చనిపోయిన రోజుగా అనాదిగా మఠాలు తలుచుకునే తేదీ ఇది.

అరవై మూడో అధ్యాయం చదివి చాలాసేపు ముందుకి వెళ్ళలేకపోయాను. మఠంలో ఎవరి స్థానం ఎక్కడ? వయసుని బట్టి కాదు, పుట్టుకని బట్టి కాదు, బయట ఉన్న హోదాని బట్టీ కాదు, చేరిన వేళని బట్టి. పగటి రెండో గంటలో వచ్చినవాడు మొదటి గంటలో వచ్చినవాడి తర్వాత నిలబడాలి, వాడు ఎంత గొప్పవాడైనా సరే. రెండో అధ్యాయం ఇంకా సూటిగా ఉంది. బానిసగా ఉండి చేరినవాడికంటే స్వతంత్రుడిగా పుట్టినవాడిని పెద్దపీట మీద కూర్చోబెట్టకూడదు. బానిసలు లేనిదే పూట గడవని లోకంలో రాసిన మాట ఇది.

మన తెలుగు క్రైస్తవులకి ఇది తగలవలసిన చోట తగులుతుంది. మాలపల్లె గుడి వేరు, మాదిగపల్లె గుడి వేరు. పై కులాల నుంచి వచ్చినవాళ్ళ సంబంధాలు వేరు. బల్ల దగ్గర ఒకే రొట్టె తింటారు, పెళ్ళి మాటలకి వచ్చేసరికి కులం అడుగుతారు. కొన్నిచోట్ల సమాధుల దొడ్డి కూడా వేరు. నేను ఈ సంఘంలోనే పుట్టి పెరిగాను, ఇవన్నీ కళ్ళారా చూశాను. దీన్ని పాపమని పేరుపెట్టి పిలవని ఉజ్జీవ కూడిక ఎంత పెద్ద పందిట్లో జరిగినా నాకు ఉజ్జీవంలా అనిపించదు.

మా నాన్న తరంవాళ్ళు హైదరాబాదు గోల్కొండ క్రాస్‌రోడ్స్‌లోని హెబ్రోను గురించి చెప్పేవాళ్ళు. సిక్కు కుటుంబంలో పుట్టి క్రీస్తుని నమ్మిన భక్త్ సింగ్ గారు 1950లో మొదలుపెట్టిన చోటు. పరిశుద్ధ సమాజ కూటాలకి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి పందిట్లో చాపల మీద బారుగా కూర్చునేవాళ్ళు, ఒకే బంతిలో తినేవాళ్ళు. అక్కడి సేవకులకి జీతాలు లేవు. కలిసి ఉండేవాళ్ళు, కలిసి పనిచేసేవాళ్ళు. ఆయన 2000 సెప్టెంబరులో పోయినప్పుడు తరలివచ్చిన జనం గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. మఠం అన్న పేరు వాడలేదు గానీ ఆ చాపల్లో చాలా ఉంది.

మా శనివారం భోజనంలో పాస్టరు గారికీ ఉద్యోగస్తులకీ కుర్చీలు, మిగతావాళ్ళకి చాపలు. రేపటి నుంచి అందరికీ చాపలే అని అడుగుతాను. కుర్చీ మోకాళ్ళ నొప్పులవాళ్ళకి. ఎవరి అవసరాన్ని బట్టి వాళ్ళకి ఇవ్వాలనీ, తక్కువ సరిపోయినవాడు దేవునికి స్తోత్రం చెప్పుకోవాలనీ, ఎక్కువ కావలసి వచ్చినవాడు తనను తాను తగ్గించుకోవాలనీ ముప్పై నాలుగో అధ్యాయం. కుర్చీకి హోదాతో పనిలేదు, మోకాలితోనే పని.

మార్చి 30, ఆదివారం

ఉగాది. పక్కింటివాళ్ళు పచ్చడి పంపారు. వెనక వీధి ఆటో అన్న వాళ్ళింట్లో రంజాను నెల చివరికొచ్చింది.

అమెరికాలో డర్హాం ఊళ్ళో రుత్బా హౌస్ అని ఒక క్రైస్తవ గృహం ఉంది. 2003లో ఇరాకు యుద్ధం వేళ శాంతి కోరి అక్కడికి వెళ్ళిన అమెరికను క్రైస్తవుల కారు దారిలో ప్రమాదానికి గురైంది. రుత్బా అనే ఊరివాళ్ళు గాయపడ్డవాళ్ళని తీసుకెళ్ళి వైద్యం చేశారు. ఆ ఊళ్ళో ఆసుపత్రి మీద అమెరికా బాంబులు పడి రోజులే అయ్యాయి. డబ్బు తీసుకోలేదు, జరిగింది మీ వాళ్ళకి చెప్పమన్నారు. తిరిగొచ్చినవాళ్ళు పేదలుండే పేటలో ఇల్లు తీసుకుని, ఆ ఊరి పేరే దానికి పెట్టారు. వచ్చిన అతిథిని క్రీస్తుగా చేర్చుకోవాలన్న బెనెడిక్టు యాభై మూడో అధ్యాయాన్ని వాళ్ళకి చేసి చూపించింది ముస్లిములు.

ఈజిప్టులో మొదటి పెద్ద మఠాలు కట్టిన పకోమియస్ కథ కూడా ఇలాంటిదే. బలవంతంగా సైన్యంలోకి పట్టుకుపోయిన కుర్రవాడు. థీబ్సులో నిర్బంధంలో ఉండగా ముక్కూ మొహం తెలియని క్రైస్తవులు రాత్రిపూట అన్నం తెచ్చిపెట్టారు. ఆ అన్నం తిని క్రైస్తవుడయ్యాడు.

మా శనివారం భోజనానికి ఇన్నాళ్ళలో బయటివాళ్ళు వచ్చింది తక్కువ. దీని గురించి మాట్లాడాలి.

ఏప్రిల్ 5, శనివారం

బాబాయి ఇవాళ అన్నం వార్చారు. గంజి కాలి మీద పడబోయింది. ఎవరూ నవ్వలేదు.

భోజనం ముందు రెండిళ్ళ మధ్య మాట పెరిగింది. ఫీజు కోసం ఒకరు ఇంకొకరికి ఇచ్చిన చేబదులు సంగతి. గొంతులు లేచాయి. పాస్టరు గారు ప్రసంగం మొదలుపెట్టబోయి మానేసి, పరలోక ప్రార్థన మొదలుపెట్టారు. పదమూడో అధ్యాయం ఆయనే చదువుకున్నారని తర్వాత తెలిసింది. మఠంలో పొద్దున ఆరాధనలోనూ, సాయంత్రపు ఆరాధనలోనూ పెద్ద ఆ ప్రార్థనని అందరికీ వినబడేలా చెప్పాలని ఉంది. కారణం కూడా ఉంది: కలిసి ఉన్నచోట గొడవల ముళ్ళు మొలుస్తూనే ఉంటాయి, మా రుణస్థులను మేము క్షమించినట్టు అని నోటితో మాట ఇచ్చుకుంటేనే అవి రాలతాయి. ఇవాళ ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఇద్దరిలో ఒకరి గొంతు ఆగిపోయింది. మిగతావాళ్ళం కూడా ఆగాం. కాసేపటికి ఆయన ఆ వాక్యం పూర్తిచేశారు. డబ్బు ఇంకా తిరిగి ఇవ్వాల్సే ఉంది, మేలో ఇస్తానన్నారు.

ఏప్రిల్ 8, మంగళవారం

తీసుకోకూడనివి కూడా రాసుకోవాలి.

మాట విననివాడిని కొట్టమనీ, పిల్లలకి దెబ్బలు వెయ్యమనీ నియమావళిలో ఉంది. వద్దు. ఉత్తరాలూ కానుకలూ పెద్ద అనుమతి లేకుండా అందుకోకూడదని ఉంది. వద్దు, దైవసేవకుడి మాటే దేవుడి మాటగా చలామణీ అయి ఎన్ని కుటుంబాలు చితికాయో మనకి తెలుసు. విధేయత గురించి బెనెడిక్టు రాసింది చదివేటప్పుడు మూడో అధ్యాయాన్ని పక్కన పెట్టుకోవాలి. ముఖ్యమైన విషయం వస్తే పెద్ద అందరినీ పిలిచి అడగాలి, చిన్నవాళ్ళని కూడా, ఎందుకంటే మేలైన మార్గం దేవుడు చాలాసార్లు చిన్నవాళ్ళకే బయలుపరుస్తాడు. ఉమ్మడి సంచీ కూడా వద్దన్నాం. అయిదిళ్ళ జీతాలూ ఒకచోట పోసే ధైర్యం మాకు లేదు, పెళ్ళాం పిల్లలున్న సంసారాలు. స్కాట్లండులో 1938లో జార్జి మెక్‌లౌడ్ మొదలుపెట్టిన అయోనా సమాజంవాళ్ళు ఎవరిళ్ళల్లో వాళ్ళుంటూనే తమ డబ్బుకీ సమయానికీ ఒకరికొకరు లెక్క చెప్పుకుంటారు. ముందు అది చేతనవుతుందేమో చూద్దాం.

ప్రార్థన సంగతి తేలిగ్గానే తేలింది. మఠంలో పగలు ఏడుసార్లు, రాత్రి ఒకసారి ఆరాధన. నర్సు చెల్లి వార్డులో రోగులను వదిలి ఎక్కడికి వెళ్తుంది? బెనెడిక్టే పద్దెనిమిదో అధ్యాయంలో వెసులుబాటు ఇచ్చాడు. నా వరస నచ్చకపోతే ఇంకోలా పంచుకోండి, నూట యాభై కీర్తనలూ వారంలో పూర్తయితే చాలు అని. 1549లో ఇంగ్లండులో ఆర్చిబిషపు క్రాన్మరు ఆ మఠం ఆరాధనలన్నిటినీ ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటిగా కుదించి, కీర్తనల్ని నెలకి సర్దాడు. 1947లో ఏర్పడ్డ మన చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాకి (సీఎస్ఐ) ఆంగ్లికన్ల వైపు నుంచి వచ్చిన ఆస్తిలో అది కూడా ఉంది. మఠం మనకి పరాయిదని ఇక పాస్టరు గారు అనరు. రోజుకి అయిదు కీర్తనలు, నెలకి నూట యాభై. ఎవరింట్లో వాళ్ళం, అవే కీర్తనలు.

ఏప్రిల్ 17, గురువారం

గుడిలో అయ్యగారు పన్నెండుగురి కాళ్ళు కడిగారు. ఏడాదికి ఒకసారి, ఫొటోగ్రాఫరు ఎదుట. బెనెడిక్టు మఠంలో ప్రతి శనివారం కడిగేవాళ్ళు. ఒంటరిగా బతికేవాడు ఎవరి కాళ్ళు కడుగుతాడని నాలుగో శతాబ్దంలో బాసిలు అడిగాడు. ఆయన కైసరయలో పేదలకీ కుష్ఠురోగులకీ ఆశ్రయం కట్టించిన బిషపు, కాబట్టి ఆ ప్రశ్న అడిగే హక్కు ఆయనకుంది.

మే 3, శనివారం

ఈస్టరు వెళ్ళి దాదాపు రెండు వారాలైంది. ఇవాళ అందరూ వచ్చారు.

డిగ్రీ చదివే అబ్బాయి ఒక కాగితం మీద రాసి పాస్టరు గారి వంటింటి గోడకి అంటించాడు. వంట, అంట్లు వంతుల మీద, ఆడ మగ తేడా లేకుండా. జబ్బు చేసినవాళ్ళకి మినహాయింపు. అందరికీ చాపలు, మోకాళ్ళ నొప్పులవాళ్ళకి కుర్చీలు. రోజుకి అయిదు కీర్తనలు. ఎదుట లేనివాళ్ళ సంగతి ఎత్తకూడదు, ప్రార్థనాంశంగా కూడా. నెలకోసారి మన వాళ్ళు కాని ఒక కుటుంబాన్ని పిలవాలి, వాళ్ళకి వాక్యం చెప్పడానికి కాదు, అన్నం పెట్టడానికి. ఈ చివరి మాట చేర్చమన్నది ఆ అబ్బాయే.

ఒక ఇల్లు ఇంకా ఆలోచించుకుంటామంది. తొందరేం లేదు. మఠంలో కొత్తగా వచ్చినవాడికి రెండు నెలలకి ఒకసారి, తర్వాత ఆరు నెలలకి, ఆపైన నాలుగు నెలలకి నియమావళి మొత్తం చదివి వినిపించేవాళ్ళు. ఉండగలిగితే ఉండు, లేకపోతే నీ దారి నీది అని చెప్పేవాళ్ళు. మేమూ అలాగే చదువుకుంటాం. మొదటిసారి జూలై 5, శనివారం. వచ్చేవారం వంట వంతు బాబాయిది, అంట్లు పాస్టరు గారివి.